గ్రావిటీ మీటరుకు వేడి కనబడదు: అగ్నిపర్వత ప్రాంతాల్లో జియోథర్మల్ వనరుల కోసం గురుత్వ సర్వే చేసే పద్ధతి

కెన్యాలో నకూరు పట్టణానికి ఉత్తరాన మెనెంగాయి అనే అగ్నిపర్వతం ఉంది. దాని నెత్తిన సుమారు 12 కి.మీ. పొడవు, 8 కి.మీ. వెడల్పున కాల్డెరా, అంటే శిఖరం కూలిపోయి ఏర్పడిన పెద్ద గుంట. అక్కడి గురుత్వ పటంలో కాల్డెరా నడుమ ‘హై’ కనిపిస్తుంది, అంటే చుట్టుపక్కలకంటే ఆకర్షణ ఎక్కువ. దట్టమైన చొరబాటు శిల (కరిగిన రాయి కిందినుంచి చొచ్చుకొచ్చి గట్టిపడినది) అడుగున ఉందని దానికి అర్థం చెప్పారు. తర్వాత తవ్విన బావుల్లో కొన్ని 2.1 కి.మీ. లోతు దగ్గర ఏకంగా కరిగిన రాతినే తాకాయి.

ఇక కాలిఫోర్నియాలోని గైజర్స్ సంగతి. ప్రపంచంలోకెల్లా పెద్ద జియోథర్మల్ క్షేత్రం, అంటే భూమిలోపలి వేడితో కరెంటు తీసే చోటు, అది. దాని పక్కన మౌంట్ హన్నా చుట్టూ దాదాపు 25 మిల్లీగాల్‌ల (మిల్లీగాల్ గురుత్వాకర్షణకు కొలత) ‘లో’ ఉంది, అంటే ఆకర్షణ అంత తక్కువ. 1970లలో దాన్ని చూసి కూడా అడుగున మాగ్మా, అంటే కరిగిన రాయి, ఉందనే అన్నారు.

ఒకచోట హై, ఒకచోట లో, రెండింటికీ దాదాపు ఒకటే వ్యాఖ్యానం! ఇది తికమకగా అనిపించకపోతే గ్రావిటీ సర్వే జోలికి ఇంకా వెళ్లకండి. గ్రావిటీ మీటరు ఒక త్రాసు. కిందున్న రాయి బరువెంతో చెబుతుంది, వేడెంతో చెప్పదు. రాయిని 300 డిగ్రీలు వేడెక్కించినా సాంద్రత తగ్గేది సుమారు ఒక్క శాతం. వేడి వల్ల రాయిలో వచ్చిన మార్పులూ, వేడిని మోసుకొచ్చిన చొరబాట్లూ, వేడినీరు పైకొచ్చే ఫాల్టులూ (నేల పగిలి జరిగిన చీలికలు) మాత్రం సాంద్రతను బాగానే మారుస్తాయి. మనం వెతికేది వాటిని.

1. పొలంలోకి దిగేముందు కాగితం మీద తూచి చూడండి

సర్వేకు ఖర్చు పెట్టకముందే అరగంట కూర్చుని లెక్క కట్టండి. 2 కి.మీ. వ్యాసార్ధం ఉన్న గోళంలాంటి చొరబాటు శిల, కేంద్రం 5 కి.మీ. లోతున, చుట్టుపక్కల రాయికంటే ఘన సెంటీమీటరుకు 0.3 గ్రాములు ఎక్కువ సాంద్రత ఉందనుకోండి. దాని నడినెత్తిన వచ్చే హై 2.7 మిల్లీగాల్. భూమి మొత్తం ఆకర్షణ సుమారు 9,80,000 మిల్లీగాల్ కాబట్టి ఇది పిసరంత. అయినా నేటి మీటర్లకు ఇది చాలా పెద్ద సంకేతం.

ఇప్పుడు దానిపైన 300 మీటర్ల మందాన, వేడినీటి తాకిడికి బంకమట్టిగా మారిపోయిన పొర ఉందనుకోండి. దాని సాంద్రత 0.2 తక్కువ. విశాలంగా పరుచుకున్న ఆ పొర ఇచ్చే లో 2.5 మిల్లీగాల్. రెండూ కలిస్తే పటంలో దాదాపు ఏమీ మిగలదు. మంచి క్షేత్రం నడిబొడ్డున నిలబడి ‘ఇక్కడేమీ లేదు’ అని రాసి వచ్చే ప్రమాదం ఇదే. అందుకే ఎక్కడ ఏ సంకేతం రావచ్చో ముందుగా ఇలా రాసుకోవాలి:

- లోతున చల్లారిన గాబ్రో (ముతక నల్లరాయి), డైక్‌ల (పగుళ్లలో గట్టిపడిన రాతిగోడల) గుంపు: హై
- ఇంకా కరిగి ఉన్న పెద్ద మాగ్మా: లో
- బూడిద, ప్యూమిస్‌తో (తేలికైన నురగరాయి) నిండిన కాల్డెరా: పెద్ద లో. వేడితో దీనికి సంబంధం ఉండనక్కర్లేదు
- బంకమట్టిగా మారిన పైపొర: లో
- సిలికా నిండి రంధ్రాలు పూడుకుపోయిన రాయి: హై
- రెండు పక్కలా వేర్వేరు రాళ్లున్న ఫాల్టు: మెట్టులాంటి వాలు

ఇదే గోళపు లెక్క ఇంకో మాట కూడా చెబుతుంది. ఆ 2.7 మిల్లీగాల్ సగానికి తగ్గేది కేంద్రం నుంచి 3.8 కి.మీ. దూరంలో. 10 కి.మీ. వెళ్లినా ఇంకా 0.24 మిగిలే ఉంటుంది. కాబట్టి లీజు హద్దుల దగ్గర సర్వే ఆపేస్తే అసలు హై ఎక్కడ మొదలైందో తెలియదు. క్షేత్రం 5 కి.మీ. ఉంటే సర్వే 25 కి.మీ. ఉండాలంటే డబ్బు పెట్టేవాళ్లు మొహం చిట్లిస్తారు. ఈ లెక్కే చూపించండి.

తెలుగువాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: మణుగూరు వేడినీళ్ల మాటేమిటి? సింగరేణి అక్కడ 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు పెట్టింది. కానీ ఆ నీళ్లు అగ్నిపర్వతానివి కావు, గోదావరి లోయ గోండ్వానా అవక్షేప శిలల్లోంచి పొంగేవి. అక్కడ గ్రావిటీ చూపేది ఆ పొరల మందాన్నీ, అంచు ఫాల్టులనూ. ఈ వ్యాసంలోని ఫీల్డు పద్ధతులన్నీ అక్కడా పనికొస్తాయి, వ్యాఖ్యానం మాత్రం వేరు.

2. స్టేషన్లు ఎక్కడ పెట్టాలి

బయటి ప్రాంతంలో 1–2 కి.మీ.కి ఒకటి, లక్ష్యం మీద 500 మీటర్లకు ఒకటి, ఫాల్టును అడ్డంగా దాటే ప్రొఫైల్ మీద 250 మీటర్లకు లేదా ఇంకా దగ్గరగా. అన్నీ రోడ్ల వెంబడే పెట్టేయాలన్న ఆశ కలుగుతుంది. అగ్నిపర్వత ప్రాంతంలో రోడ్లు లోయలు పట్టుకుని పోతాయి. పటం కూడా లోయల పటమే అవుతుంది. కాల్డెరా అంచును కనీసం మూడు నాలుగు చోట్ల నడిచి దాటక తప్పదు.

నిట్టనిలువు గట్టు అంచునా, దాని పాదం దగ్గరా స్టేషన్ పెట్టకండి. అక్కడ భూభాగపు దిద్దుబాటు లెక్క ఎంత చేసినా నమ్మకం కుదరదు. వంద మీటర్లు పక్కకు జరిగితే సగం తలనొప్పి పోతుంది.

ఆవిరి వచ్చే చోట్ల జాగ్రత్త. గుంటల్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. గాలి లేని తెల్లవారుజామున అది మరీ ప్రమాదం. కుళ్లిన కోడిగుడ్డు వాసన హఠాత్తుగా ఆగిపోతే గాలి శుభ్రపడిందని అనుకోకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారిపోతుంది. గ్యాస్ డిటెక్టరు లేకుండా, ఒంటరిగా వెళ్లకూడదు. తెల్లగా, ఎర్రగా మారిన మెత్తటి నేల పైపెంకు పల్చగా ఉండి కింద మరిగే బురద ఉండొచ్చు.

3. మీటరు, రోజువారీ చుట్టు

ఎక్కువమంది వాడేది సింట్రెక్స్ సీజీ-5, లేదా దాని తర్వాతి సీజీ-6. లోపల క్వార్ట్జ్ స్ప్రింగు, దాన్ని స్థిరమైన వేడిలో ఉంచే అర. పాత లాకోస్ట్-రోంబర్గ్ మీటర్లు ఇంకా బంగారంలా పనిచేస్తాయి. వాటి లోహపు స్ప్రింగుకు డ్రిఫ్ట్ (కాలంతోపాటు రీడింగ్ తనంతట తాను జరిగిపోవడం) చాలా తక్కువ, చదివేవాడికి ఓపిక కావాలి అంతే.

సీజీ-5కు కరెంటు ఎప్పుడూ ఆగకూడదు. రాత్రి లాడ్జిలో కరెంటు పోయి బ్యాటరీ అయిపోయిందంటే స్ప్రింగు చల్లారిపోతుంది, మళ్లీ కుదురుకోవడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. చార్జరు ప్లగ్గులో పెట్టాక స్విచ్ వేశారో లేదో పడుకునేముందు ఒకసారి చూసుకోండి. ఈ వాక్యం అనుభవంతో రాస్తున్నది.

పొద్దున బేస్ స్టేషన్ దగ్గర రీడింగ్, తర్వాత స్టేషన్లు, మూడు నాలుగు గంటల్లో మళ్లీ బేస్ దగ్గరికి. బేస్ గట్టి నేల మీద, రోడ్డుకూ పెద్ద చెట్లకూ దూరంగా ఉండాలి. చెట్టు ఊగితే వేర్లతో నేలా ఊగుతుంది. ప్రతి స్టేషన్‌లో అరవై సెకన్ల రీడింగ్‌లు మూడు తీసుకుని, అవి 5–10 మైక్రోగాల్ లోపు కలిస్తేనే కదలండి. మైక్రోగాల్ అంటే మిల్లీగాల్‌లో వెయ్యో వంతు. మొత్తం స్టేషన్లలో పదో వంతును వేరే రోజున తిరిగి కొలవండి. నివేదికలో మీ నిజమైన కచ్చితత్వం అదే చెబుతుంది, కంపెనీ బ్రోషరు కాదు.

మీటరు నేల గుర్తుకు ఎంత ఎత్తున ఉందో ప్రతిసారీ టేపుతో కొలిచి రాయాలి. పావు మీటరు తేడా అంటే 0.08 మిల్లీగాల్.

4. ఎత్తు: సర్వే నిలిచేదీ పడేదీ ఇక్కడే

గ్రావిటీ సర్వే అంటే మీటరు గొప్పతనం అనుకుంటారు. నన్నడిగితే సగం పని ఎత్తు కొలవడమే. ఒక మీటరు పైకెక్కితే ఆకర్షణ 0.3086 మిల్లీగాల్ తగ్గుతుంది. మధ్యలో వచ్చిన రాతిపొరను కూడా లెక్కేస్తే నికరంగా సుమారు 0.2. చేతిలో పట్టుకునే జీపీఎస్ ఎత్తులో ఐదు మీటర్లు తప్పితే 1 మిల్లీగాల్ గల్లంతు. మనం వెతికే సంకేతమే రెండు మూడు మిల్లీగాల్‌లు. అసలుకే ఎసరు!

కాబట్టి అప్పటికప్పుడే దిద్దుకునే ఆర్‌టీకే జీపీఎస్, లేదా రీడింగ్ తర్వాత లెక్కగట్టే డిఫరెన్షియల్ జీపీఎస్ తప్పనిసరి. 10 సెం.మీ. లోపు వస్తే తప్పు 0.02 మిల్లీగాల్, దానితో బతకవచ్చు. మొబైల్ సిగ్నల్ లేని చోట ఒక రిసీవరును తెలిసిన బిందువు మీద రోజంతా నిలిపి, రెండోదాన్ని స్టేషన్ల వెంట తిప్పండి.

జీపీఎస్ ఇచ్చే ఎత్తు గణిత దీర్ఘగోళం నుంచి, టోపోషీటులో ఉండేది సముద్రమట్టం నుంచి. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఈ రెండింటి మధ్య తేడా వంద మీటర్లు దాటుతుంది. ఏది వాడినా ఫర్వాలేదు, కొన్ని స్టేషన్లకు ఇదీ, కొన్నింటికి అదీ కలిపితే మాత్రం పటం మీద లేని ఫాల్టులు పుడతాయి. పాత డేటాతో కొత్తదాన్ని కలిపేటప్పుడు ఇది మొదటి అనుమానం కావాలి.

5. దిద్దుబాట్లు, ఒక స్టేషన్ లెక్కతో

సూర్యచంద్రుల ఆటుపోటు ఘనభూమినీ లాగుతుంది. రోజులో 0.2–0.3 మిల్లీగాల్ వరకు మార్పు వస్తుంది. మీటరు దీన్ని తానే దిద్దుతుంది, మీరు అక్షాంశ రేఖాంశాలూ, టైమ్‌జోనూ సరిగ్గా ఇస్తే. భారతీయ సమయం గ్రీనిచ్ సమయానికి ఐదున్నర గంటలు ముందన్న సంగతి మరచి సగం తప్పు, సగం ఒప్పు దిద్దుబాటు చేసిన డేటా నేను చూశాను.

ఇప్పుడు లెక్క. ఆటుపోటు దిద్దాక బేస్ దగ్గర పొద్దున 8 గంటలకు 4120.352, మధ్యాహ్నం 12కు 4120.384. నాలుగు గంటల్లో 0.032 జరిగింది, గంటకు 0.008. పదిన్నరకు ఒక స్టేషన్‌లో రీడింగ్ 4096.810. రెండున్నర గంటల డ్రిఫ్ట్ 0.020 తీసేస్తే 4096.790. బేస్‌తో తేడా మైనస్ 23.562.

ఈ స్టేషన్ బేస్ కంటే 120 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు దిద్దుబాటు 120 × 0.3086 = 37.032, దీన్ని కలపాలి. మధ్యలోని 120 మీటర్ల రాతిపొర ఆకర్షణను తీసేయాలి. దీన్నే బూగే దిద్దుబాటు అంటారు: 0.04193 × సాంద్రత × మందం. అందరూ వాడే 2.67 సాంద్రత వేస్తే 13.434. చివరికి మిగిలేది 0.036, అంటే దాదాపు సున్నా.

అదే సాంద్రత 2.3 వేయండి. తీసేసేది 11.573, మిగిలేది 1.897. స్టేషన్ అదే, రీడింగ్ అదే. ఒక అంకె మార్చితే ఖాళీ చోట దాదాపు 2 మిల్లీగాల్‌ల హై లేచింది. కొండ మీద హై కనిపించగానే ఎగిరి గంతేయకూడదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఈ దిద్దుబాటుకు పేరిచ్చిన పియర్ బూగేది కూడా ఇలాంటి కష్టమే. 1738లో నేటి ఈక్వడార్‌లో చింబొరాజో అగ్నిపర్వతం పక్కన నిలబడి, ఆ కొండ ఓలంబాన్ని ఎంత లాగుతుందో కొలిచే ప్రయత్నం చేశాడాయన.

అక్షాంశ దిద్దుబాటు ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. మెనెంగాయి భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఉత్తర దక్షిణాలుగా కిలోమీటరు నడిచినా 0.01 కూడా రాదు. ఐస్‌లాండ్‌లో అదే కిలోమీటరుకు 0.64.

చివరగా భూభాగపు దిద్దుబాటు. పక్కన కొండ ఉంటే అది మీటరును పైకి లాగుతుంది. పక్కన లోయ ఉంటే రాతిపొర ఉందని మనం ఎక్కువ తీసేశాం. రెండు సందర్భాల్లోనూ కలపాల్సిందే. పాత రోజుల్లో 1939 నాటి హామర్ వలయాలు పటం మీద పరిచి చేతితో లెక్కకట్టేవారు. ఇప్పుడు ఉపగ్రహ ఎత్తుల డేటాతో కంప్యూటరు చేస్తుంది, ఇందుకు ఫాటియాండో వారి హార్మోనికా లాంటి ఉచిత పైథాన్ ప్యాకేజీలున్నాయి. అయితే 30 మీటర్ల ఉపగ్రహ గళ్లలో మీ స్టేషన్ పక్కనున్న పదిమీటర్ల లావా గట్టు కనబడదు. మొదటి వంద మీటర్ల కోసం డ్రోన్ ఫోటోలతో చేసిన నమూనా గానీ, కనీసం నోటుపుస్తకంలో గీసుకున్న బొమ్మ గానీ ఉండాలి. సరస్సు ఉంటే దాని లోతు కావాలి. నీటిని రాయిగా లెక్కేస్తే దాని చుట్టూ లేని లో పుడుతుంది.

6. సాంద్రతను అరువు తెచ్చుకోవద్దు

2.67 అన్నది ఖండాల పైపొర సగటు. బూడిద, ప్యూమిస్ పొరలు 1.0–2.0 దగ్గర, రయొలైట్లు 2.3–2.5 దగ్గర, గట్టి బసాల్ట్ 2.7–3.0 దగ్గర ఉంటాయి. ఒకే కొండలో ఇవన్నీ పొరలు పొరలుగా ఉండొచ్చు.

1939లో నెటిల్టన్ చెప్పిన ఉపాయం ఇప్పటికీ పనిచేస్తుంది. ఒక గుట్టను దాటుతూ దగ్గరదగ్గరగా రీడింగ్‌లు తీయండి. 2.0 నుంచి 2.8 వరకు రకరకాల సాంద్రతలతో అనామలీ (దిద్దుబాట్లన్నీ అయ్యాక మిగిలే తేడా) గీయండి. ఏ గీతలో గుట్ట ఆకారం నిటారుగానూ, తలకిందులుగానూ కనబడదో అదే ఆ గుట్ట సాంద్రత.

ఒక కిటుకుంది, చాలామంది ఇక్కడే పడతారు. ఈ ఉపాయం పనిచేయాలంటే గుట్టకూ అడుగునున్న నిర్మాణానికీ సంబంధం ఉండకూడదు. అగ్నిపర్వత శంకువు కింద సరిగ్గా గొట్టంలా గట్టి రాయి ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే గొట్టం బరువు కూడా గుట్ట సాంద్రతలో కలిసిపోతుంది. వాగు కోసిన గట్టునో, ఒకే లావా పొరలో కోతపడిన లోయనో ఎంచుకోండి.

రాతి ముక్కలు కూడా తూచండి, పొడిగా ఒకసారి, నీళ్లలో నానబెట్టి ఒకసారి. నీటిమట్టానికి పైనున్న టఫ్‌కూ (గట్టిపడిన బూడిదరాయి) కిందున్న టఫ్‌కూ రంధ్రాల్లో నీరు నిండిన తేడా ఉంటుంది. నేల మీద దొరికే ముక్కలు గట్టివే మిగిలి ఉంటాయి, మెత్తవి ఎప్పుడో పొడైపోయాయి. బావి కోర్ (తవ్వేటప్పుడు తీసిన రాతి కడ్డీ) దొరికితే కళ్లకద్దుకోండి.

7. పెద్ద ఎత్తుపల్లాల నుంచి చిన్నదాన్ని వేరుచేయడం

కెన్యా రిఫ్ట్ లోయ మొత్తం మీద విశాలమైన లో పరుచుకుని ఉంది, దాని నడుమ అక్షం వెంబడి సన్నటి హై. మెనెంగాయి హై ఈ రెండింటి మీదా కూర్చుంది. ప్రాంతీయ ధోరణిని తీసేయడానికి బహుపదిని అమర్చవచ్చు, లేదా డేటాను గణితంగా పైఎత్తుకు తీసుకెళ్లి నునుపు చేయవచ్చు. బహుపది డిగ్రీ పెంచుతూ పోతే కావాల్సిన హైని కూడా మింగేస్తుంది. రెండు మూడు పద్ధతుల్లో తీసి చూసి, అన్నింటిలోనూ నిలిచినదాన్నే నమ్మండి.

ఫాల్టుల కోసం అడ్డువాలు పటం, అంటే పక్కకు జరిగేకొద్దీ గ్రావిటీ ఎంత వేగంగా మారుతోందో చూపే పటం, గీయండి. వాలు గరిష్ఠంగా ఉన్న గీతలు సాధారణంగా సాంద్రత మారే అంచులు. నాకు ఈ పటమంటే ఎక్కువ మక్కువ. లోతున ఏముందన్న ఊహలకంటే ఇది చెప్పే అంచు బావి తవ్వేవాడికి వెంటనే ఉపయోగపడుతుంది, వేడినీరు తరచూ ఆ అంచుల వెంబడే పైకొస్తుంది కాబట్టి.

8. నమూనా కట్టడం, సాక్షులను పిలవడం

పటియాలాలో పుట్టిన మాణిక్ తల్వానీ, ఆయన సహచరులు 1959లో బహుభుజి ఆకారాల ఆకర్షణను లెక్కగట్టే పద్ధతి ఇచ్చారు. ఇవాళ్టి 2డీ నమూనాల సాఫ్ట్‌వేర్ చాలావరకు దాని సంతానమే. 3డీ విలోమ లెక్కలకు, అంటే కొలతల నుంచి కిందున్నదాన్ని రాబట్టడానికి, సిమ్‌పెగ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అయితే ఒకే గ్రావిటీ పటానికి లెక్కలేనన్ని నమూనాలు అతుకుతాయి. కంప్యూటరు ఇచ్చిన రంగుల బొమ్మ వాటిలో ఒకటి మాత్రమే.

మొదటి అడుగులో చూసిన పేచీ ఇక్కడ తేలాలి: చొరబాటు శిల ఇచ్చిన హైని బంకమట్టి పొర మింగేసిందా? గ్రావిటీ ఒక్కటీ చెప్పలేదు. నేల విద్యుత్తును ఎంత ప్రసరింపజేస్తుందో కొలిచే మాగ్నెటోటెల్లూరిక్ సర్వేకు మాత్రం బంకమట్టి పొర విద్యుత్తును బాగా ప్రసరింపజేసే దుప్పటిలా స్పష్టంగా కనబడుతుంది. దాని మందం అక్కడినుంచి తెచ్చుకుని, నమూనాలో ఆ పొరను బిగించి, దాని గ్రావిటీని తీసేయండి. అప్పుడు మిగిలినదే లోతైనదాని సంకేతం. చిన్న భూకంపాలు ఏ లోతులో ఆగిపోతున్నాయో తెలిస్తే ఇంకా మేలు. రాయి మరీ వేడెక్కి పగలడం మానేసే లోతు అది. ఒక లోతైన బావికి అనేక మిలియన్ డాలర్లవుతాయి. కొండను తవ్వి ఎలుకను పట్టకుండా ఉండాలంటే ముగ్గురు సాక్షులూ ఒకే చోట వేలు పెట్టాలి.

9. ప్లాంటు నడిచాక మళ్లీ అదే చోట

న్యూజిలాండ్‌లోని వైరాకేయిలో 1958లో విద్యుత్తు మొదలైంది. 1960ల ఆరంభం నుంచీ అక్కడ అవే బిందువుల దగ్గర మళ్లీ మళ్లీ గ్రావిటీ కొలుస్తున్నారు. నీరు తోడేసిన చోట ఆవిరి నిండింది, బావుల ప్రాంతంలో గ్రావిటీ 1000 మైక్రోగాల్ వరకు తగ్గింది. నేల కూడా కుంగింది, ఒకచోట 14 మీటర్లు దాటి. నేల ఒక మీటరు కుంగితే గ్రావిటీ దాదాపు 300 మైక్రోగాల్ పెరిగినట్టు కనబడుతుంది, కాబట్టి లెవెలింగ్ (నేల ఎత్తును మళ్లీ కొలవడం) లేని మైక్రోగ్రావిటీకి విలువ లేదు.

ఇందులో ఒక అందమైన లెక్క ఉంది. మార్పు వచ్చిన ప్రాంతమంతా కూడితే, లోతు తెలియకపోయినా పోయిన ద్రవ్యరాశి తెలుస్తుంది. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మైక్రోగాల్ తగ్గుదల అంటే దాదాపు 24 వేల టన్నులు. పది చదరపు కిలోమీటర్ల మీద సగటున 20 తగ్గితే సుమారు 48 లక్షల టన్నులు. ప్లాంటు మీటర్ల ప్రకారం తోడింది అంతకంటే ఎక్కువుంటే, మిగతాది పక్కనుంచి వచ్చి చేరిందన్నమాట.

వాన కూడా ఇందులో వేలు పెడుతుంది. పది సెంటీమీటర్ల నీరు నేలలో చేరితే 4 మైక్రోగాల్. కాబట్టి ఏటా ఒకే కాలంలో కొలవండి, దగ్గర్లోని బావిలో నీటిమట్టం రాసుకోండి.

ఇదంతా కుదరాలంటే మొదటి సర్వే రోజునే కాంక్రీటు దిమ్మెలో ఇత్తడి గుర్తు పాతాలి. దిమ్మెను పైపులైను రాబోయే దారికి దూరంగా పెట్టి, నాలుగు దిక్కులా ఫోటోలు తీసి, మీటరును ఏ వైపుకు తిప్పి కొలిచారో కూడా రాయండి. పదేళ్ల తర్వాత వచ్చేవాళ్లు గడ్డి తప్పించి ఆ గుర్తును వెతుక్కుంటూ మీ నోటుపుస్తకమే తెరుస్తారు.